చిన్న రైతుల మార్కెట్ సౌలభ్యం (హసన్‌పర్తి ప్రాంతం)

చిన్న రైతులు, చిన్న ఆహార తయారీదారులు తమ సరుకును తమకు అనువైన వేళకు, నాణ్యతకు తగిన ధరకు, అప్పు ఇచ్చినవారి ఒత్తిడి లేకుండా అమ్ముకోగలగడాన్ని మార్కెట్ సౌలభ్యం అంటారు. ఊరికి దగ్గరలో మార్కెట్ ఉన్నంత మాత్రాన ఈ సౌలభ్యం లభించదు. తెలంగాణ రాష్ట్రం, హనుమకొండ జిల్లాకు చెందిన హసన్‌పర్తి మండల ప్రాంతం దీనికి మంచి ఉదాహరణ. ఈ మండలానికి ఒక పక్క వరంగల్ నగరంలో ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ కలదు. మరొక పక్క, హసన్‌పర్తి మీదుగా ఎల్కతుర్తికి వెళ్ళి సిద్దిపేట దారి పట్టినవారికి భీమదేవరపల్లి మండలంలోని ములుకనూరు వస్తుంది. అక్కడ 1956లో రైతులు స్థాపించుకున్న సహకార సంఘం నేటికీ నడుస్తున్నది. ఎనుమాములలో రైతు అమ్మేవాడు, వ్యాపారి కొనేవాడు. ములుకనూరులో రైతుల సంఘమే కొంటుంది, మర పడుతుంది, మళ్ళీ అమ్ముతుంది. ఒకే పంట ఈ రెండు దారులలో ఎలా ప్రయాణిస్తుందో గమనిస్తే మార్కెట్ సౌలభ్యం అనే మాటకు అర్థం బోధపడుతుంది.

ప్రాంతం, కమతాలు

హసన్‌పర్తి పూర్వపు వరంగల్ జిల్లాలోనిది. 2016లో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో వరంగల్ పట్టణ జిల్లాలో చేరింది. ఆ జిల్లాకే 2021లో హనుమకొండ జిల్లా అని పేరు మార్చారు. అంతవరకు కరీంనగర్ జిల్లాలో ఉండిన ములుకనూరు కూడా 2016లోనే ఈ జిల్లాలోకి వచ్చింది. హసన్‌పర్తికి రైలు స్టేషను, కరీంనగర్ రహదారి రెండూ ఉన్నాయి. భీమారం, అనంతసాగర్ వంటి ఊళ్ళ వైపు నగరం విస్తరిస్తూ ఉండటంతో పొలాలు కొన్ని ఇళ్ళ స్థలాలుగా మారాయి. మిగిలిన భూములలో చెరువులు, బావులు, శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు చెందిన కాకతీయ కాలువ ఆధారంగా వరి, పత్తి, మొక్కజొన్న, కూరగాయలు పండిస్తారు.

ఒక హెక్టారు, అనగా సుమారు రెండున్నర ఎకరాల వరకు భూమి ఉన్నవారిని సన్నకారు రైతులని, అక్కడి నుంచి రెండు హెక్టార్ల వరకు ఉన్నవారిని చిన్న రైతులని లెక్కిస్తారు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాలలో సుమారు 86 శాతం ఈ రెండు తరగతులకు చెందినవే. తెలంగాణలో సగటు కమతం సుమారు ఒక హెక్టారు. అంత భూమిలో పండిన పత్తి గాని, మిరప గాని ఒక లారీకి నిండదు. రవాణా ఖర్చు, అమ్మకానికి వెచ్చించే రోజు, బేరమాడే శక్తి అన్నీ ఈ చిన్న పరిమాణం మీదనే ఆధారపడతాయి. పది బస్తాలు తెచ్చిన రైతుకూ వంద బస్తాలు తెచ్చిన రైతుకూ మార్కెట్లో పట్టే సమయం దాదాపు ఒకటే. బస్తాకు పడే ఖర్చు మాత్రం ఒకటి కాదు.

ఎనుమాముల మార్కెట్లో అమ్మకం

ఎనుమాముల మార్కెట్‌ను ఆసియాలోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా పత్రికలు తరచుగా పేర్కొంటాయి. ఏ కొలమానం ప్రకారమో అవి సాధారణంగా చెప్పవు. అయినా పత్తి, మిర్చి వచ్చే కాలంలో యార్డును చూసినవారికి ఆ మాట అతిశయోక్తిగా అనిపించదు. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, నర్సంపేట వైపుల నుంచి కూడా సరుకు ఇక్కడికే వస్తుంది.

నియంత్రిత మార్కెట్లు 1966 నాటి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయోత్పత్తులు, పశుసంపద మార్కెట్ల చట్టం కింద నడుస్తాయి. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ ఆ చట్టాన్ని తనకు అన్వయించుకున్నది. ఇటువంటి నియంత్రణ రావడానికి కారణం ఉంది. అంతకు ముందు వ్యాపారి ఇంటి ముంగిట, వ్యాపారి తక్కెడతోనే తూకం జరిగేది. చేతిగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకొనే ఆచారం కూడా ఉండేది. దానివల్ల అమ్మే రైతుకు తన సరుకు ఎంత పలికిందో చివరిదాకా తెలిసేది కాదు. బహిరంగ వేలం, లైసెన్సు ఉన్న కొనుగోలుదారులు, లైసెన్సు ఉన్న తూకందార్లు, రాతపూర్వకమైన చిట్టీ ఇవన్నీ ఆ దుస్థితికి విరుగుడుగా వచ్చాయి.

మార్కెట్‌కు వచ్చిన సరుకు చాలామంది చేతుల మీదుగా వెళ్తుంది. రైతు తన సరుకును ఒక అడ్తిదారు దుకాణం ముందు దింపుతాడు. అడ్తిదారు కమీషను మీద అమ్మకం జరిపించే మధ్యవర్తి. కొనే వ్యాపారిని ఖరీదుదారు అంటారు. మోసేవారు హమాలీలు, తూచేవారు దడువాయిలు, కిందపడిన సరుకును ఎత్తి చెరిగేవారు చాట కూలీలు. తూకం, ధర, కోతలు, చేతికి రావలసిన మొత్తం రాసి ఇచ్చే చిట్టీని తక్‌పట్టీ అంటారు. లిఖితపూర్వక ఆధారంగా రైతు చేతిలో మిగిలేది ఈ కాగితమే. అది లేకుండా సరుకు అమ్మిన రైతు తరువాత ఫిర్యాదు చేసినా నిరూపించుకోవడం కష్టం.

ఇక్కడి ప్రత్యేకత జెండా పాట. ఉదయం ఒక మంచి రాశి వద్ద వ్యాపారులు, అడ్తిదారులు, మార్కెట్ సిబ్బంది చేరి బహిరంగంగా పాడే పాట ఇది. ఆ పాటలో పలికిన అత్యధిక ధరను ఆనాటి జెండా ధరగా ప్రకటిస్తారు. మరునాడు పత్రికలలో వచ్చేది, పల్లెలలో రైతులు చెప్పుకొనేది ఈ ధరే. అయితే అది ఆ రోజు వచ్చిన సరుకంతటికీ వర్తించే ధర కాదు. తరువాత ఖరీదుదారులు ఒక్కొక్క రాశిని చూసి రంగు, తేమ, తాలు కాయల శాతం చూపించి ధర తగ్గిస్తూ పోతారు. ఉదాహరణకు జెండా క్వింటాలుకు 15,000 రూపాయలు పలికిందనుకుందాం. ఒక రైతు తెచ్చిన ఎనిమిది క్వింటాళ్ళకు 12,500 మాత్రమే వస్తే, అతడు ఊరిలో విన్న ధరకూ చేతికి వచ్చిన ధరకూ తేడా 20,000 రూపాయలు అవుతుంది. ఆ తేడాలో ఎంత భాగం నిజంగా నాణ్యత వల్ల వచ్చినదో, ఎంత భాగం పోటీ లేకపోవడం వల్ల వచ్చినదో చెప్పగల కొలత యార్డులో ఉండదు. ఈ మార్కెట్లో తరచుగా చెలరేగే ఆందోళనలకు మూలం ఇదే.

ధర నచ్చకపోతే సరుకు వెనక్కి తీసుకుపోయే హక్కు రైతుకు చట్టరీత్యా ఉంది. కాని కిరాయి ట్రాలీలో తెచ్చిన పది బస్తాలను తిరిగి ఇంటికి చేర్చాలంటే మళ్ళీ కిరాయి, మళ్ళీ హమాలీ కూలి భరించాలి. రెండో రోజున ధర పెరుగుతుందన్న హామీ లేదు. కనుక ఆ హక్కు చాలా సందర్భాలలో కాగితం మీదనే ఉండిపోతుంది.

తేమ, తరుగు

ధరతో పాటు తూకం విషయంలో కూడా రైతు నష్టపోయే అవకాశం ఉంది. వడ్లను కనీస మద్దతు ధరకు కొనేటప్పుడు తేమ 17 శాతానికి మించకూడదు. పత్తికి 8 శాతం ప్రమాణం కాగా, 12 శాతం వరకు ధర తగ్గించి భారత పత్తి సంస్థ కొంటుంది. 12 శాతం దాటితే తిరస్కరిస్తుంది. 2025-26 సీజనుకు సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు. ఈ ధర దక్కాలంటే ముందుగా వడ్లు ఎండాలి.

ఇక్కడ ఒక చిన్న లెక్క అవసరం. 20 శాతం తేమ ఉన్న 100 కిలోల వడ్లలో 80 కిలోలు గింజ, 20 కిలోలు నీరు. వాటిని 17 శాతానికి ఎండబెడితే బరువు సుమారు 96.4 కిలోలకు దిగుతుంది. అంటే న్యాయంగా తగ్గవలసినది మూడున్నర కిలోల పైచిలుకు. తేమ పేరిట అంతకు మించి ఎంత కోత పెట్టినా అది రైతు సొమ్మే. తెలంగాణలో ధాన్యం సీజను వచ్చిన ప్రతిసారీ వినిపించే తరుగు వివాదం ఈ కోత గురించినదే. తేమ కొలిచే యంత్రం కల్లం దగ్గరే ఉంటే, ఆ అంకెను రైతు తన కంటితో చూసుకుంటే వివాదం చాలా వరకు తగ్గుతుంది. పల్లెలలో మహిళా సంఘాలు, ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు నడిపే కొనుగోలు కేంద్రాల వల్ల కలిగిన మేలులో ఇది ఒకటి. ఆ కేంద్రాలు పౌరసరఫరాల సంస్థ తరఫున కమీషను మీద కొంటాయి. అయితే గోనె సంచులు, లారీలు సమయానికి రాకపోతే కాంటా అయిన వడ్లు కూడా అకాల వర్షానికి తడుస్తాయి. కల్లంలో నాలుగు టార్పాలిన్లు ఉండటం కూడా మార్కెట్ సౌలభ్యంలో భాగమేనని ఏప్రిల్, మే నెలల వానలు ప్రతి ఏడూ గుర్తుచేస్తాయి.

అప్పు

రైతు ఏ దుకాణం ముందు సరుకు దింపుతాడో చాలాసార్లు విత్తనం నాటే నాడే నిర్ణయమైపోతుంది. విత్తనాలు, ఎరువులు, పురుగుమందులు అరువుకు ఇచ్చినవాడు లేదా పెట్టుబడికి డబ్బు ఇచ్చిన అడ్తిదారు పంట తనకే రావాలని కోరతాడు. ఈ ఒప్పందానికి కాగితం ఉండదు. అప్పు వడ్డీ, మందుల ధరలో కలిపిన లాభం, పంట ధరలో కోత ఇవి మూడూ ఒకే ఖాతాలో కలిసిపోతాయి. అందువల్ల తాను ఎక్కడ ఎంత నష్టపోయాడో రైతుకు విడిగా కనిపించదు. వెంటనే నగదు కావాలన్న రైతు నుంచి నూటికి ఇంతని మినహాయించుకునే వాడుక కూడా తెలంగాణ మార్కెట్లలో ఉంది. దీనిని క్యాష్ కటింగ్ అంటారు.

1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతుల ఆత్మహత్యలు దేశమంతటినీ కలచివేశాయి. ఆ ఏడు పొగాకు లద్దె పురుగు పత్తిని తినివేసింది. ఎన్ని మందులు చల్లినా అది లొంగలేదు. ఆ మందులన్నీ అరువు మీద తెచ్చినవే. పంట పోయినా అరువు పోలేదు. మార్కెట్ గురించిన చర్చలో ఈ విషాదాన్ని ప్రస్తావించడానికి కారణం ఉంది. మంచి ధర పలికే మార్కెట్ పక్కనే ఉన్నా, మందుల దుకాణానికి బాకీ ఉన్న రైతుకు ఆ ధరతో సంబంధం తెగిపోతుంది.

మిర్చి రైతుల అనుభవం మరొక రకం. 2016-17లో ముందటి ఏటి మంచి ధరలు చూసి ఎందరో మిరప వేశారు. ధర కుప్పకూలింది. 2017 ఏప్రిల్ 28న ఖమ్మం మార్కెట్ యార్డులో రైతుల ఆగ్రహం విధ్వంసానికి దారితీసింది. మే నెల మొదట్లో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాలుకు 5,000 రూపాయల చొప్పున కొనడానికి అనుమతించింది. తెలంగాణకు కేటాయించిన పరిమాణం 33,700 టన్నులు. అప్పటికే చాలామంది సరుకు అమ్ముకుని వెళ్ళిపోయారు. 2021-22లో తామర పురుగు మిరప తోటలను దెబ్బతీసినప్పుడు దీనికి విరుద్ధంగా జరిగింది. ధర బాగా పెరిగింది గాని అమ్మడానికి చాలామంది చేతిలో కాయ లేదు. కోతకాలంలో అమ్మక తప్పనివారికి ధరల హెచ్చుతగ్గులలో తగ్గుదలే ఎక్కువగా భాగానికి వస్తుంది. శీతల గిడ్డంగిలో దాచి తరువాత అమ్మే సరుకును వరంగల్ మార్కెట్లో ఏసీ మిర్చి అంటారు. అలా దాచగలిగినవారు వ్యాపారులు, లేదా అప్పు లేని రైతులు.

గోదాములో సరుకు పెట్టి అప్పు తీసుకునే ఏర్పాటు కొత్తదేమీ కాదు. మార్కెట్ కమిటీ గోదాములలో నిలవ చేసిన సరుకు విలువలో 75 శాతం వరకు రుణంగా ఇచ్చి, కొంత గడువు వరకు వడ్డీ లేకుండా చూసే రైతుబంధు పథకం ఉమ్మడి రాష్ట్రంలోనే ఉండేది. (2018లో తెలంగాణ ప్రవేశపెట్టిన ఎకరాకు పెట్టుబడి సాయం పథకానికి కూడా ఇదే పేరు ఉండటం వలన చదువరులు ఈ రెండింటినీ తరచుగా పొరబడుతుంటారు.) 2007 నాటి గిడ్డంగుల చట్టం గోదాము రసీదును బ్యాంకులో తాకట్టు పెట్టే వీలు కల్పించింది. ఈ వసతులు చిన్న రైతుకు అందకపోవడానికి పథకం లోపం కంటే పాత బాకీయే పెద్ద కారణమని చెప్పవచ్చును. అడ్తిదారు చేతిలో పడవలసిన సరుకును గోదాములో పెట్టడం అంత సులభం కాదు.

ములుకనూరు సహకార సంఘం

ములుకనూరు సహకార గ్రామీణ బ్యాంకు, మార్కెటింగ్ సంఘాన్ని 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వంలో స్థాపించారు. ములుకనూరు, చుట్టుపక్కల కలిపి పద్నాలుగు గ్రామాలు దీని పరిధి. పూర్వ ప్రధాని పి.వి.నరసింహారావు స్వగ్రామమైన వంగర కూడా ఇదే మండలంలో ఉంది. తరువాతి కాలంలో సంఘానికి అధ్యక్షుడైన అలిగిరెడ్డి ప్రవీణ్ రెడ్డి 2009లో హుస్నాబాద్ నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు.

ఈ సంఘం పేరులోనే దాని రహస్యం ఉంది. బ్యాంకు, మార్కెటింగ్ అనే రెండు పనులు ఒకే సంస్థ చేస్తుంది. సభ్యునికి పంట రుణం ఇస్తుంది. ఎరువులు, విత్తనాలు, మందులు తన దుకాణం నుంచే ఇస్తుంది. పంట చేతికి వచ్చాక వడ్లు, పత్తి తానే కొంటుంది. వడ్లను తన మిల్లులో ఆడిస్తుంది. పత్తిని తన జిన్నింగ్ మిల్లులో గింజ నుంచి వేరు చేస్తుంది. కొన్న పంట డబ్బులోంచి అప్పు జమ చేసుకుని మిగిలినది సభ్యునికి ఇస్తుంది, కొంత భాగాన్ని అతని పేరున పొదుపులో వేస్తుంది.

గమనిస్తే, అరువు ఇచ్చి పంట తీసుకునే వ్యాపారి చేసేది కూడా ఇదే. విత్తనం నుంచి తూకం దాకా రైతును ఒకే ఖాతాకు కట్టివేసే ఆ పద్ధతిని సంఘం కొత్తగా కనిపెట్టలేదు. వ్యాపారి నుంచే నేర్చుకున్నది. ఖాతా పుస్తకం ఎవరిదన్నదే తేడా. వ్యాపారి ఖాతాలో మిగిలిన లాభం వ్యాపారిది. సంఘం ఖాతాలో మిగిలినది సభ్యులది, అది సంవత్సరాంతంలో బోనసుగానో, నిధిగానో, మిల్లుగానో తిరిగి వారికే చేరుతుంది. పైగా వ్యాపారి లెక్కను రైతు అడిగి చూడలేడు. సంఘం లెక్క మహాసభలో చదవక తప్పదు.

మర పట్టడం వల్ల కలిగే లాభాన్ని విడిగా చెప్పుకోవాలి. వడ్లు అమ్మినవానికి వడ్ల ధరే వస్తుంది. మిల్లు ఉన్నవానికి బియ్యం, నూక, తౌడు, ఊక నాలుగూ మిగులుతాయి. తౌడు నూనె మిల్లులకు, ఊక బాయిలర్లకు అమ్ముడుపోతాయి. పత్తిలో కూడా దూది ఒక సరుకు, గింజ వేరొక సరుకు. సంఘం ఇంకొక అడుగు ముందుకు వేసి విత్తన వడ్ల ఉత్పత్తిని చేపట్టింది. విత్తన పంటలో బెరుకు మొక్కలను ఏరివేయాలి, వేరే రకం పొలానికి నిర్ణీత దూరం పాటించాలి, కోత యంత్రాన్ని శుభ్రం చేసి దింపాలి. కష్టం ఎక్కువే, కాని మామూలు వడ్ల కంటే ఎక్కువ ధర వస్తుంది. పక్కపక్క పొలాల రైతులంతా ఒకే రకం వేయడానికి ఒప్పుకుంటేనే ఈ పని సాధ్యం. ఆ ఒప్పుదల ఒక్కొక్క రైతుతో విడిగా బేరమాడే కంపెనీకి కష్టమైనంతగా పద్నాలుగు ఊళ్ళ సంఘానికి కష్టం కాదు.

ఇంత పేరున్నా ఇటువంటి సంఘాలు ఊరూరా ఎందుకు వెలియలేదన్న ప్రశ్న సహజం. పరిధిని పద్నాలుగు గ్రామాలకే ఉంచుకోవడం వల్ల సభ్యులు ఒకరినొకరు ఎరుగుదురు, బాకీ ఎగవేస్తే ముఖం చూపలేరు. చాలా ప్రాథమిక సంఘాలు రుణం ఇవ్వడానికీ, ఎరువులు అమ్మడానికీ పరిమితమయ్యాయి. 1990, 2008 సంవత్సరాలలో దేశవ్యాప్తంగా అమలైన రుణమాఫీలు అప్పుల్లో ఉన్నవారికి ఊరట ఇచ్చిన మాట నిజం. కాని సమయానికి చెల్లించినవాడు వెర్రివాడన్న భావన కూడా వాటితోనే వచ్చింది. సహకార సంఘం బతికేది సమయానికి చెల్లించేవారి మీదనే. ములుకనూరు సంఘానికి కూడా పత్తి ధరను నిర్ణయించే శక్తి లేదు. అంతర్జాతీయ ధర పడిపోయిన ఏడు సంఘం లాభమూ పడిపోతుంది. రైతు ఆ ఏడు అప్పుతో పాటు పొలం పోగొట్టుకోకుండా ఉండటమే సంఘం వల్ల కలిగే ప్రయోజనం.

1995 చట్టం, మహిళా డెయిరీ

1964 నాటి సహకార చట్టం కింద సంఘాల ఎన్నికలను వాయిదా వేయడానికి, పాలకవర్గాన్ని రద్దు చేయడానికి ప్రభుత్వానికి విస్తృతమైన అధికారం ఉండేది. దీనికి ప్రత్యామ్నాయంగా 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం వచ్చింది. ఈ చట్టం కింద నమోదైన సంఘంలో ప్రభుత్వ వాటాధనం ఉండదు. ఎన్నికలు, ఆడిట్ జరిపించుకోవడం సంఘం బాధ్యతే. మిగులు వస్తే సభ్యులు పంచుకుంటారు, లోటు వస్తే సభ్యులే భరిస్తారు. ఇటువంటి చట్టాన్ని తెచ్చిన మొదటి రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. ఆ తరువాత మరికొన్ని రాష్ట్రాలు దీనిని అనుసరించాయి.

ఈ చట్టం కిందనే 2000 సంవత్సరంలో ములుకనూరు మహిళా సహకార డెయిరీ ప్రారంభమైంది. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే సహవికాస సంస్థ దీనికి తోడ్పడింది. వరంగల్, కరీంనగర్ జిల్లాలలో ఆ సంస్థ ప్రోత్సాహంతో అంతకు ముందే మహిళల పొదుపు సంఘాలు ఏర్పడి ఉండటం డెయిరీకి పునాది అయింది. డబ్బు లెక్కలు చూడటం, సమావేశం నడపడం, బాకీ వసూలు చేయడం వారు పొదుపు సంఘాలలో నేర్చుకున్నారు. పాల వ్యాపారం ఆ తరువాత వచ్చింది. ఈ క్రమాన్ని తిరగవేసి ముందు యంత్రాలు, తరువాత సంఘం అనుకున్న చోట్ల ఫలితం వేరుగా ఉండటం ఆశ్చర్యం కాదు.

డెయిరీ సభ్యులు, డైరెక్టర్లు అందరూ మహిళలే. గ్రామ సంఘంలో పాలు పోస్తారు, వెన్న శాతాన్ని బట్టి ధర కడతారు, పదిహేను రోజులకు ఒకసారి చెల్లిస్తారు. పాలు, పెరుగు స్వకృషి అనే పేరుతో అమ్ముడవుతాయి. సంవత్సరాంతపు మిగులు, పోసిన పాలకు తగినట్లు బోనసుగా అందుతుంది. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదీ సాధారణంగా పురుషుల చేతికి వస్తుంది. పాల డబ్బు నెలకు రెండుసార్లు ఇల్లాలి ఖాతాలోకి వస్తుంది. పిల్లల ఫీజుకు, మందులకు అడ్తిదారు దగ్గరికి పోవలసిన అవసరం అంత మేరకు తగ్గుతుంది. అప్పు గురించి పైన చెప్పిన దానితో ఈ విషయాన్ని కలిపి చూడాలి.

చిన్న ఆహార తయారీదారులు

పచ్చళ్ళు, కారం, పసుపు, అప్పడాలు, సకినాలు వంటివి చేసి అమ్మేవారు హసన్‌పర్తి, హనుమకొండ ప్రాంతంలో చాలామంది ఉన్నారు. ఎక్కువమంది మహిళలు, ఇంటి వంటింట్లోనో చిన్న షెడ్డులోనో పని చేసేవారు. పరిచయస్తులకు అమ్మినంత కాలం వీరికి ఇబ్బంది లేదు. దుకాణపు అరలోకి పోవాలనుకున్నప్పుడే అసలు చిక్కులు మొదలవుతాయి.

మొదటిది నమోదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద 2011లో వచ్చిన నియమాలు వార్షిక అమ్మకాలు 12 లక్షల రూపాయలు మించని చిన్న తయారీదారులకు లైసెన్సు బదులు సులభమైన నమోదును, ఏటా 100 రూపాయల రుసుమును నిర్దేశించాయి. రెండవది పొట్లం మీది వివరాలు: తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, తయారైన తేదీ, ఎంతకాలం నిలవ ఉంటుంది, గరిష్ఠ చిల్లర ధర, పదార్థాల జాబితా. మూడవదే అన్నిటికన్నా కష్టమైనది. ప్రతిసారీ ఒకే రుచి, ఒకే నాణ్యత ఉండాలి. సకినాలను వేయించిన నూనె పాతదైతే వారం తిరగకుండానే కమురు వాసన వస్తుంది. కారంలో తేమ ఉంటే బూజు పడుతుంది. చేసిన రోజు బాగుండటం ఇంటికి సరిపోతుంది, దుకాణానికి సరిపోదు.

వీరికి చేయూతగా 2020లో ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం 10,000 కోట్ల రూపాయల అంచనాతో మొదలైంది. యంత్రాల వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు రాయితీ, స్వయం సహాయక సంఘాల సభ్యులకు ఒక్కొక్కరికి 40,000 రూపాయల వరకు మూలధనం ఇందులో ఉన్నాయి. రాయితీ బ్యాంకు రుణంతో ముడిపడి ఉంటుంది. కనుక లెక్కలు రాసే అలవాటు లేని తయారీదారుకు మంజూరు ఆలస్యమవుతుంది. దుకాణదారు సరుకు అమ్ముడయ్యాక గాని డబ్బు ఇవ్వడు, వేరుశనగ నూనె డబ్బా మాత్రం రొక్కానికే కొనాలి. ఈ మధ్యకాలాన్ని ఈదడానికి కావలసిన చిన్న మొత్తమే వారికి అన్నిటికంటే అవసరం. పథకాల దృష్టి మాత్రం యంత్రాల మీద ఎక్కువగా ఉంటుంది.

చపాట మిర్చి

వరంగల్ ప్రాంతపు చపాట మిర్చికి 2025లో భౌగోళిక గుర్తింపు లభించింది. లావుగా, ఎర్రగా ఉండి టమాటను పోలిన ఈ కాయను టమాట మిర్చి అని కూడా అంటారు. ఘాటు తక్కువ, రంగు ఎక్కువ. అందువల్ల పచ్చళ్ళకు, ఆహార పదార్థాలకు రంగునిచ్చే ద్రవ్యం తీయడానికి దీనిని కోరుకుంటారు. తిమ్మంపేట మిర్చి రైతుల ఉత్పత్తి కంపెనీ, మల్యాలలోని ఉద్యాన పరిశోధనా స్థానం ఈ గుర్తింపు కోసం కృషి చేశాయి.

భౌగోళిక గుర్తింపుల చట్టం 1999లో వచ్చి 2003లో అమలైంది. గుర్తింపు వచ్చినంత మాత్రాన ప్రతి రైతూ ఆ పేరును వాడుకోలేడు. అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు చేసుకోవాలి. ఎనుమాములలో బస్తా విప్పి రాశిగా పోసినప్పుడు ఆ కాయ ఏ ఊరిదో గుర్తు చెరిగిపోతుంది. కనుక గుర్తింపు వల్ల లాభం కలగాలంటే నమోదైన రైతుల సరుకు విడిగా తూగాలి, విడిగా నిలవ ఉండాలి, విడిగా అమ్ముడవాలి. మరొక మెట్టు కూడా ఉంది. నేల మీద ఆరబోసిన మిర్చికి అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం పట్టే ప్రమాదం ఉంది. ఐరోపా సంఘం మసాలా దినుసులలో దీనిని కిలోకు 10 మైక్రోగ్రాములకు మించనివ్వదు. పరదాల మీద, గచ్చు మీద ఆరబెట్టిన కాయకే ఆ తలుపు తెరుచుకుంటుంది.

రైతు బజారు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న రైతు బజార్లు ప్రారంభమయ్యాయి. గుర్తింపు కార్డు ఉన్న రైతులు మధ్యవర్తి లేకుండా కూరగాయలను నేరుగా వినియోగదారులకు అమ్ముతారు. టోకు ధరకు కొంత ఎక్కువగా, చిల్లర ధరకు కొంత తక్కువగా ఉండేలా ప్రతిరోజూ ధరలు నిర్ణయించి పలక మీద రాస్తారు. నగరానికి ఆనుకుని ఉన్న హసన్‌పర్తి వంటి మండలాల కూరగాయల రైతులకు ఇది బాగా అనుకూలం. తెల్లవారుజామున కోసిన ఆకుకూర పొద్దెక్కకముందే నగరంలో ఉంటుంది, డబ్బు మధ్యాహ్నానికి చేతికి వస్తుంది. అయితే అమ్మకానికి ఒక మనిషి పూట పోతుంది. ఇంట్లో ఇద్దరే పనిచేసే కుటుంబానికి అది చిన్న ఖర్చు కాదు. రైతుల పేరున వ్యాపారులు బల్లలు ఆక్రమించడం ఈ బజార్లన్నిటిలో ఎదురయ్యే పాత సమస్య. పైగా పత్తి, మిర్చి, వడ్లు ఈ పద్ధతికి లొంగవు.

ఇతర ప్రయత్నాలు

2016 ఏప్రిల్ 14న జాతీయ వ్యవసాయ మార్కెట్ (ఈ-నామ్) మొదలైంది. ఎనుమాముల మార్కెట్ ఇందులో చేరింది. గేటు వద్ద రాశికి సంఖ్య ఇచ్చి, నాణ్యత పరీక్షించి, కంప్యూటరు ద్వారా ధరలు కోట్ చేయించడం దీని పద్ధతి. వ్యాపారులు ఒకరి ధర ఒకరికి తెలియకుండా వేయడం వల్ల కుమ్మక్కు కష్టమవుతుంది. కాని దూరాన ఉన్న వ్యాపారి కంటితో చూడని మిర్చికి ధర వేయాలంటే నాణ్యత నివేదికను నమ్మాలి. వందల రాశులు ఒకే ఉదయం వచ్చే చోట ప్రతి రాశిని పరీక్షించడం సాధ్యం కానంత కాలం కొనేవారు స్థానిక వ్యాపారులే అవుతారు.

రైతు ఉత్పత్తిదారుల కంపెనీలకు 2002లో కంపెనీల చట్ట సవరణ ద్వారా వీలు కలిగింది. 2020 ఫిబ్రవరిలో కేంద్రం 10,000 రైతు సంఘాల పథకం ప్రకటించింది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది సభ్యులు ఉండాలి. మూడేళ్ళలో నిర్వహణ ఖర్చులకు సంఘానికి 18 లక్షల వరకు సాయం అందుతుంది. ఆ మూడేళ్ళు గడిచాక ముఖ్య నిర్వాహకుని జీతం సొంత వ్యాపారం నుంచే రావాలి. ఎరువుల దుకాణం ఒక్కటే నడిపే కంపెనీలకు ఇది కష్టం, విత్తనశుద్ధి యంత్రమో పప్పు మిల్లో ఉన్నవాటికి కొంత సులభం.

2020 సెప్టెంబరులో పార్లమెంటు చేసిన మూడు వ్యవసాయ చట్టాలలో ఒకటి మార్కెట్ యార్డుల వెలుపల పన్ను లేకుండా కొనుగోళ్ళను అనుమతించింది. 2021 జనవరిలో సుప్రీంకోర్టు వాటి అమలును నిలిపివేసింది. నవంబరు చివరలో పార్లమెంటు వాటిని రద్దు చేసింది. ఈ ప్రాంతపు చిన్న రైతుకు యార్డు వెలుపల అమ్మడం అంతకు ముందూ తెలిసిన పనే. గ్రామంలో తిరిగే చిల్లర వ్యాపారి పత్తిని ఇంటి వద్దే కాంటా వేసి తీసుకుపోతాడు. కిరాయి, హమాలీ ఖర్చు రైతుకు తప్పుతుంది, తక్‌పట్టీ కూడా తప్పిపోతుంది.